నలభై మంది అవ్వలు

అనంతపురంలో బస్సు ఎక్కింది మొదలు గార్లదిన్నె దగ్గర దిగేదాకా నలభై మంది అవ్వల గురించి ఫోన్లో చదివాను. అక్కడి ఒక ఊరి హైస్కూల్లో పిల్లల చేత బ్లాగు రాయిస్తున్నారట. దానికి ఏదో బహుమతి కూడా వచ్చిందట. ఆ సందర్భంగా సభ పెట్టి, నాలుగు పుస్తకాలు రాసినదాన్ని కాబట్టి నన్ను పిలిచారు. తరగతి గదిలో బ్లాగు వల్ల పిల్లలకు ఒరిగేదేమిటో పావుగంట మాట్లాడాలి. మాట్లాడేముందు చదవడం మర్యాద కదా అని తెరిచాను. తొమ్మిదో తరగతి, 'మా అవ్వ' అనే శీర్షిక, నలభై పోస్టులు. మొదటి అవ్వ వేకువనే లేచి తులసి కోట దగ్గర దీపం పెట్టింది. రెండో అవ్వా పెట్టింది. మూడో అవ్వ మనవళ్ళను వెన్నెల్లో కూర్చోబెట్టుకుని నీతికథలు చెప్పింది. రూతు అనే పేరున్న పిల్ల వాళ్ళ అవ్వ కూడా తులసి కోట చుట్టూ ప్రదక్షిణలు చేసి, ఆ పైన స్వర్గస్థురాలై, పైనుంచి మనవరాలికి ఆశీస్సులు పంపుతోంది. బహుమతి వచ్చింది ఆ పోస్టుకే. పదో అవ్వ దగ్గరికి వచ్చేసరికే మిగతా ముప్పై మంది ఎట్లా ఉంటారో నాకు తెలిసిపోయింది. నలభై మందిలో ఒక్క అవ్వా తిట్టలేదు. ఒక్కరికీ మోకాళ్ళు నొయ్యలేదు. ఒక్కరూ చెనక్కాయలు వలవలేదు, గొర్రెల వెంట పోలేదు, కోడలితో పోట్లాడలేదు, వక్కాకు నమిలి గోడవార ఉమ్మలేదు. అందరూ 'మానవతా విలువలకు నిలువుటద్దాలే'. ఆ మాట తొమ్మిదో తరగతి పిల్ల రాయదు. రాస్తే ఆ పిల్లను ముందు డాక్టరుకు చూపించాలి.

ఎవరో పెద్దవాళ్ళు ఒక్కచోట కూర్చుని రాసి పిల్లల పేర్లు తగిలించారని చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఇలాంటివి చూస్తే చాలామంది నవ్వి ఊరుకుంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతుంది. ఎందుకు మండుతుందో చెప్పాలంటే మా ఊరి బడి గోడ గురించి చెప్పాలి.

మాది ముదిగుబ్బ అవతల చిన్న పల్లె. బడి అంటే రెండు గదులు, వీధి వైపు ఒక పొడుగాటి గోడ. తిప్పేస్వామి సారు ఆ గోడకు వారానికోసారి పిల్లలు రాసిన కాగితాలు గంజితో అంటించేవాడు. గోడపత్రిక అనేవాడాయన. ఊళ్ళో వాళ్ళు దాన్ని 'కాయితాల గోడ' అనేవాళ్ళు. నీళ్ళకు పోయేవాళ్ళు, గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు, ఊరికే తిరిగేవాళ్ళు అక్కడ నిలబడేవాళ్ళు. చదువు వచ్చినవాడు ఒకడు పైకి చదివితే చుట్టూ పదిమంది వినేవాళ్ళు. సారుకు ఒక నియమం ఉండేది. ఎవరి గురించి రాస్తే వాళ్ళకు ముందు చదివి వినిపించాలి. వాళ్ళు విని, సరేనని కాగితం అడుగున వేలిముద్ర వేయాలి. అది లేని కాగితాన్ని ఆయన ముట్టుకునేవాడు కాదు. ఎందుకు సారూ అని ఎవరో పిల్లవాడు అడిగితే, "నువ్వు రాసింది నేను సదివితే మార్కులేస్తా, అంతే. మీ అవ్వ ఇంటే తంతాది. యాది మేలో నువ్వే సెప్పు" అన్నాడు. మాకు నవ్వొచ్చింది కానీ, ఆయన నవ్వలేదు.

మా అవ్వ సంగతి చెబుతాను. విత్తనాల కాలం వచ్చిందంటే మా ఇల్లంతా తడిసిన గోతాల వాసన. చెనక్కాయల మీద ముందురోజు సాయంత్రం నీళ్ళు చల్లి, గోనె పట్టా కప్పి పెట్టేవాళ్ళు. పొద్దున్నే ఇరుగుపొరుగు ఆడవాళ్ళొచ్చి వసారాలో వరసగా కాళ్ళు చాపుకుని వలిచేవాళ్ళు. గింజ పగలకూడదు, పైపొర లేవకూడదు. పచ్చి గింజల వాసన, అవ్వ నోట్లో వక్కాకు వాసన, గోడకు వేలాడే నాయన కంబళి నుంచి వచ్చే గొర్రెల వాసన, మూడూ కలిసి ఉండేవి. మా అవ్వకు చేతులకంటే నోరు వేగం. పని ఆగితే తిట్టేది, పని బాగా జరుగుతుంటే ఇంకా గట్టిగా తిట్టేది. నేను మొట్టమొదట రాసింది ఆమె గురించే. 'మా అవ్వ చాలా మంచిది. నన్ను ప్రేమగా చూసుకుంటుంది' అని మొదలుపెట్టి ఒక పేజీ నింపాను. అందరూ వలుస్తుండగా నిలబడి గొప్పగా చదివాను.

అవ్వ వలవడం ఆపకుండా అంతా వింది. తర్వాత, "యాడ జూస్తివే నా మంచితనం?" అంది. "నిన్న పరకతో నీ ఈపు వాయించింది యెవురు? నీ కాయితంలో ఉండే ఆయమ్మా?"

వరసలో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

"ఏడ్సద్దు. కొట్టిందని రాయి. యెందుకు కొట్టిందో గూడా రాయి. అప్పుడు ఏలేస్తా."

ఎందుకు కొట్టిందంటే, నేను విత్తనం గింజలు గుప్పెడు తిన్నందుకు. ఆ ఏడు విత్తనం దొరకడమే కష్టంగా ఉంది. అది రాయాలంటే వాన పడకపోవడం గురించి రాయాలి, నా ఆకలి గురించి రాయాలి, అవ్వ కొట్టిన తర్వాత చీపురు విసిరికొట్టి మూలన కూర్చోవడం గురించి రాయాలి. మూడుసార్లు రాశాను. మూడోసారికి అవ్వ వేలు వేసింది. రచన అంటే ఏమిటో నేను ఆ తర్వాత చదివిన చదువుల్లో ఎవరూ ఇంతకంటే బాగా చెప్పలేదు. చెప్పిన మనిషికి అక్షరం రాదు.

ఇక్కడితో ఆపితే నేను మంచిదాన్ని అయిపోతాను. ఆపను. ఆ మరుసటి ఏడు చేను పూర్తిగా ఎండింది. నాయన పొద్దున్నే తలగుడ్డ చుట్టుకుని, కాడెద్దులు చూసేకి సంతకు పోతాండా అని వీధిలో నలుగురికీ వినబడేట్టు చెప్పి బయలుదేరేవాడు. పొద్దుగూకే వేళకు ఎద్దులు లేకుండానే వచ్చేవాడు. కనుబొమల నిండా తెల్లటి దుమ్ము. అవ్వ ఏమీ అడగకుండా ఆయన అరచేతులకు ఆముదం రాసేది. నాకు అర్థం కావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. సర్కారు వాళ్ళ కరువు పనిలో రోడ్డుకు కంకర కొడుతున్నాడు నాయన. సొంత భూమి ఉన్న రైతు, మా ఊరి దగ్గర కొడితే తలవంపులని రెండు ఊళ్ళు దాటి పోతున్నాడు. అది రాయాలని నాకు చేతులు దురద పెట్టాయి. రాస్తే గోడ దగ్గర అందరూ నిలబడి చదువుతారని తెలుసు. రాశాను, బాగా వచ్చింది. కానీ నాయన ముందర నిలబడి చదివే ధైర్యం లేదు. నా బొటనవేలికి ఇంకు పూసుకుని, కాగితం అడుగున నేనే ముద్ర వేసి సారుకు ఇచ్చాను. చిన్న వేలని ఆయన కనిపెట్టలేదు.

కాగితం గోడెక్కింది. ఆ సాయంత్రమే గొర్రెల దొడ్డి దగ్గర ఎవరో నాయనను చూసి, "ఏమప్పా, ఎద్దులు దొరికినాయా?" అని నవ్వారు. మరుసటి రోజు నాయన పనికి పోలేదు. నేరుగా బడికొచ్చాడు. గోడ ముందు నిలబడి, దాన్ని చదవమని సారును అడిగాడు. సారు చదివాడు. పిల్లలంతా కిటికీలకు వేలాడుతున్నారు. నేను తలుపు వెనక నిలబడి, భూమి చీలి లోపలికి పోతే బాగుండునని అనుకుంటున్నాను. చదవడం అయ్యాక నాయన గొంతు వినబడింది.

"అంతా నిజమే సారూ. ఏలు మాత్రం నాది గాదు."

సారు నన్ను కొట్టలేదు. గోడ మీది కాగితాన్ని మెల్లగా ఊడదీశాడు. గంజి ఎండిపోయి ఒక మూల చిరిగింది. దాన్ని నా చేతిలో పెట్టి, "ఇప్పుడు సదువు, మీ నాయన ముందర" అన్నాడు. ముక్కు చీదుకుంటూ చదివాను. కంకర కొట్టడం మూడు రోజులని రాశాను, నాకు తెలిసింది అంతే.

"మూడు దినాలు గాదు పాపా, పదకొండు దినాలు. మార్సు. ఎద్దులకని అందరికీ అబద్దం జెప్పినా గదా, అది గూడా రాయి."

అక్కడే మెట్టు మీద కూర్చుని మార్చి రాశాను. నాయన ఇంకు అద్దుకుని తన బొటనవేలు ఒత్తాడు. ఇంటికి పోయే దారిలో నాకంటే పది అడుగులు ముందు నడిచాడు. ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నా మీద కోపం పోయిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అంతకుముందు నేను రాసింది నలుగురూ మెచ్చుకోవాలని రాసేదాన్ని. ఆ రోజు తర్వాత ఏ వాక్యం రాసినా, ఎవరి గురించి రాస్తున్నానో ఆ మనిషి ఎదురుగా వచ్చి నిలబడతాడు.

ఇదంతా తలలో పెట్టుకుని ఆ హైస్కూల్లో అడుగుపెట్టాను. హెడ్మాస్టరు టీ తెప్పించాడు. కంప్యూటర్ సారు, కుర్రవాడే, నున్నగా దువ్వుకున్న తల, నన్ను తమ గదికి తీసుకుపోయి చూపించాడు. కంప్యూటర్లు కొత్తవి. పిల్లల దగ్గర ఇన్ని వస్తువులు ఉండటం చూసి నిజంగానే సంతోషం వేసింది. తిప్పేస్వామి సారు గోడ ఎంత పొడుగున్నా మా వీధి దాటలేదు. ఇది పుణెకు కూలికి పోయిన తండ్రి దాకా, బెంగళూరులో ఇళ్ళు కట్టే తల్లి దాకా పోతుంది. పిల్ల రాస్తే వాళ్ళు అక్కడ చదవొచ్చు, అట్ల కాదు ఇట్లని అక్కడినుంచే చెప్పొచ్చు. అంత పెద్ద గోడ దొరికింది ఈ పిల్లలకు.

"ఇవన్నీ పిల్లలే రాశారా?" అని అడిగాను.

"పిల్లోల్లకు రాసేది యాడ వస్తాది మేడం? తప్పులతడక. మేమే రాసిచ్చినాం. టైపు మాత్రం వాళ్ళే కొట్టినారు." దాచుకోవాలన్న ఆలోచన కూడా లేదు అతనికి.

"చదివినవాళ్ళు ఏమైనా చెప్పాలంటే?"

"కామెంట్లు మూసిపెట్టినాం మేడం. తెరిస్తే ఊరోల్లు నానా మాటలు రాస్తారు. మనకెందుకు తలనొప్పి?"

టైపు కొట్టడం నేర్పడానికి బ్లాగు ఎందుకు? వేరేవాళ్ళ అబద్ధాన్ని తన పేరుతో అచ్చుగుద్దడం పిల్లలకు నేర్పుతున్నారు, దానికి చప్పట్లు కూడా కొట్టిస్తున్నారు. చేయి కడుక్కోవాలనిపించి బయట కొళాయి దగ్గరికి పోయాను. అక్కడొక పిల్ల నా కోసమే కాచుకుని ఉంది. రెండు జడలు, సన్నటి మొహం.

"మేడం, మా అవ్వ సచ్చిపోలేదు మేడం" అంది.

"ఎవరమ్మా చచ్చిపోయిందన్నది?"

"నేనే రాసినానంట."

ఆ పిల్లే రూతు. గబగబా చెప్పింది, ఎవరైనా వస్తారేమోనని వెనక్కి చూసుకుంటూ. వాళ్ళ నాయన రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుడతాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆయన దగ్గరే ఉంటుంది. సారు ఆ పోస్టును తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాడు.

"మా నాయన మిషన్ కాడ కూర్చోని సదువుకున్నాడంట మేడం. వాళ్ళమ్మ సచ్చిపోయింటే తనకెవురూ సెప్పలేదని ఏడ్సుకుంటా బస్సెక్కి వచ్చినాడు. ఈడొచ్చి జూస్తే మా అవ్వ బోకులు తోముతాండాది. ఆ పొద్దుట్నుంచి మా అవ్వ నాతో మాట్లాడేదే లేదు. నేను పెట్టిన కూడు ముట్టదు. మేము చర్చికి పోయేవాళ్ళం మేడం, మా ఇంట్లో తులసి కోట యాడుంటాది?"

"సారుకు చెప్పలేదా?"

"సెప్పినా. దానికే ప్రైజు వచ్చింది, తీసేకి కాదన్నాడు. ఈపొద్దు మీటింగులో నేనే సదవల్లంట. అందరి ఇండ్లల్లో వాళ్ళనీ పిల్సినారు. మా అవ్వ గూడా వస్తాది."

లోపలికి పోయి హెడ్మాస్టరుకు చెప్పాను. ఆయన కొంచెం ఇబ్బంది పడ్డాడు. "ఈ ఒక్క దినం సర్దుకోండి మేడం. పైనుంచి పెద్దోళ్ళు వచ్చినారు. తర్వాత చూస్తాం." పక్కన నిలబడిన కంప్యూటర్ సారు నవ్వుతూ, "యెప్పుడో ఒకనాడు నిజమయ్యేదే గదా మేడం" అన్నాడు. చేతిలో ఉన్న టీ అతని మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. తాగాను. గ్లాసు బల్ల మీద పెట్టి, వాళ్ళు కప్పిన శాలువా కప్పుకుని, స్టేజి మీద కూర్చున్నాను. ఆ రోజంతటిలో నాకు అందరికంటే ఎక్కువ రోత పుట్టించిన మనిషి ఆ కంప్యూటర్ సారు కాదు.

రూతును పిలిచారు. పిల్ల మైకు ముందుకొచ్చి కాగితం పట్టుకుని నిలబడింది. వెనక వరసలో, ఆడవాళ్ళ మధ్య, తెల్లచీర కట్టుకున్న ఒక బక్కపలచటి ముసలామె మెడ సాచి చూస్తోంది. పిల్ల నోరు విప్పలేదు. "సదువు సదువు" అన్నారు. విప్పలేదు. కంప్యూటర్ సారు వచ్చి, సిగ్గుపడుతోందని చెప్పి, కాగితం లాక్కుని, తనే గొంతు చించుకుని చదివాడు. స్వర్గస్థురాలైన దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలో పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. ముసలామె లేచింది. చీర కొంగు సర్దుకుని, ఎవరినీ చూడకుండా బయటికి నడిచింది. నా వంతు వచ్చినప్పుడు మైకు ముందుకు పోయి నిలబడ్డాను. ఒంట్లో బాగాలేదని, క్షమించమని చెప్పి కూర్చున్నాను. చేసిందల్లా, పోయేముందు రూతు నోటుపుస్తకం వెనక నా ఫోన్ నంబరు రాసివ్వడం.

రెండు రోజుల తర్వాత హెడ్మాస్టరు నుంచి ఫోన్లో లింకు వచ్చింది. తెరిస్తే నా ఫోటో, శాలువాతో. దాని కింద నా ఉపన్యాసం. 'నేటి సాంకేతిక యుగంలో విద్యార్థుల బంగారు భవితకు బ్లాగు ఒక దిక్సూచి' అని మొదలై, రెండు పేజీలు, నా పేరుతో. కంప్యూటర్ సారుకు ఫోన్ చేశాను.

"మీరు మాట్లాడకుండా కూర్చుంటిరి గదా మేడం. ఖాళీగా పెడితే బాగుండదని మేమే రాసినాం. బాగానే వచ్చింది గదా?"

నా నోటికి వచ్చిన తిట్లు ఇక్కడ రాయలేను. మా అవ్వ దగ్గర నేర్చుకున్నవే అన్నీ. అతను భయపడ్డాడు.

"సరే సరే మేడం, అరవద్దండి. మీది ఇప్పుడే తీసేస్తా. మీరు పెద్దోళ్ళు, రేపు యాడన్నా రాస్తే మాకు తిప్పలు."

"ఆ పిల్లది?"

"దాని జోలికి మాత్రం పోవద్దండి మేడం. పైనోళ్ళకు సూపించేకి మాకేదో ఒకటి ఉండల్ల గదా."

నలభై ఏళ్ళుగా నా పేరు కింద నాది కాని అక్షరం ఒక్కటీ పడనివ్వలేదు. తీసేయ్ అంటే ఒక్క క్షణంలో పోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నాది తీయొద్దు" అన్నాను. "పైవాళ్ళకు నాదే చూపించుకోండి. ఆ పిల్లది తీసేయ్."

"మీ పేరైతే ఇంగా బాగుంటాది మేడం" అన్నాడు. టకటకమని మీటలు నొక్కిన చప్పుడు వినబడింది.

దిక్సూచి గురించిన ఆ రోత ఉపన్యాసం నా పేరుతో ఇంకా అక్కడే ఉంది. ఒకరిద్దరు చదివి చాలా బాగుందని ఫోన్ కూడా చేశారు. ఆదివారం మధ్యాహ్నం మరో ఫోన్ వచ్చింది. రూతు, వాళ్ళ నాయన ఫోన్ నుంచి.

"మా నాయనా నేనూ అంతా ఎతికినాం మేడం, అది యాడా లేదు. మా అవ్వకు గూడా సూపించినాం."

"ఏమందమ్మా మీ అవ్వ?"

పిల్ల జవాబు చెప్పేలోపల వెనక నుంచి ఒక ముసలి గొంతు గట్టిగా వినబడింది. "ఎవుర్తోనే ఆ ముచ్చట్లు? కూడు సల్లారిపోతాండాది, వచ్చి తినేకి నీకేమొచ్చె?"

"మా అవ్వ పిలుస్తాండాది మేడం, పెట్టేస్తా" అని రూతు ఫోన్ పెట్టేసింది.